సబ్బు తగలని సీసా

గాజుసామాను కడగడంలో సిలార్‌ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట సిలారే చెప్పుకునేవాడు గానీ, అబద్ధం మాత్రం కాదు. నందిగామ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా హైవే పక్కన ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా అతను లాబ్ అటెండరు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి వచ్చి, చొక్కా చేతులు మడిచి, నిన్నటి గాజు పళ్లేలన్నీ సబ్బునీళ్లలో నానేసేవాడు. బ్రష్షుతో తోమి, పంపు నీళ్లతో మూడుసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తొలిపి, ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరి పట్టించేవాడు. కడిగిన బీకర్లో ఏ పిల్లయినా వేలు పెట్టిందా, ఇక అయిపోయిందే. "ఏమ్మా, నీ వేలి మీద ఎన్ని లక్షల పురుగులున్నాయో ఎరుకేనా?" అని తగులుకునేవాడు.

చదివింది ఎనిమిదో తరగతి. అయినా ప్లేటు చదవడం వచ్చు. ప్లేటంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గుండ్రటి గాజు పళ్లెంలో అగార్ అనే జెల్లీ పోసి, గడ్డకట్టాక దాని మీద చీము పుట్టించే బ్యాక్టీరియాని దూదిపుల్లతో పూస్తారు. జెల్లీలో చిన్న చిన్న గుంటలు తీసి ఒక్కో గుంటలో ఒక్కో ఆకు రసం పోస్తారు. మర్నాటిదాకా వెచ్చటి పెట్టెలో ఉంచితే పళ్లెమంతా తెల్లగా పొరలాగా పురుగు పెరుగుతుంది. రసంలో సత్తా ఉంటే గుంట చుట్టూ గుండ్రంగా ఖాళీ మిగుల్తుంది. ఆ ఖాళీని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఎంత వెడల్పుంటే అంత మందు.

ఇన్నేళ్లలో సిలార్ వేపాకు చూశాడు, తంగేడు చూశాడు, కుప్పింటాకు, నల్లేరు, గడ్డిచేమంతి, అన్నీ చూశాడు. ఎనిమిది, తొమ్మిది, మహా అయితే పదకొండు. పిల్లలు ఆ ఎనిమిదికే ప్రాజెక్టు రాసి, బంగారు అక్షరాలతో బైండు చేయించి, హైదరాబాదులో ఉద్యోగాలకి పోయేవారు. సిలార్ నవ్వుకునేవాడు. అసలైన ఆకు ఏదో తనకి తెలుసు. అది తన నాన్న మందు.

నాన్న పేరు నాగుల్‌మీరా. జగ్గయ్యపేటలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కానీ ఊళ్లో ఎవరిని అడిగినా పసరు నాగుల్‌మీరా అంటేనే ఇల్లు చూపించేవాళ్లు. మానని పుండ్లకి ఆయన పసరు పోసేవాడు. గొడ్డలి దెబ్బలు, ముల్లు విరిగి చీముపట్టిన కాళ్లు, కాడి ఒరిసి కుళ్లిన ఎడ్ల మెడలు. ముక్త్యాల నుంచి వచ్చేవాళ్లు, గరికపాడు దాటి ఆ పక్క జిల్లా నుంచీ వచ్చేవాళ్లు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అగరుబత్తీల కట్ట తెస్తే దర్గాలో వెలిగించేవాడు.

ఆ మందుకి మూడు కట్టుబాట్లు. ఆకు పొద్దు పొడవకముందే కోయాలి. ఆకు పేరు పైకి అనకూడదు, అంటే సత్తా పోతుంది. మందు సీసాకి సబ్బు తగలకూడదు, నిప్పు సెగ తగలకూడదు. దోసెడు నీళ్లతో ఒక్కసారి తొలిపి పసరు నింపెయ్యాలి. ముక్త్యాల దారిలో సున్నపురాతి గట్ల మీద మొలిచే మొక్క అది. మీద సిమెంటు దుమ్ము, గొర్రె కూడా మూతి పెట్టదు. దాని పేరు నేనూ ఇక్కడ రాయను. రాస్తే పోవడానికి అందులో మిగిలిందేమీ లేదు గానీ, చదివినవాళ్లలో ఒక్కరైనా కోసుకొచ్చి పుండుకి పూసుకుంటారని నా భయం.

సీసాలు పశువుల ఆసుపత్రివి. సూదిమందు వాడేశాక పారేసే బుల్లి సీసాలు. రబ్బరు మూత బిగుతుగా ఉంటుంది, పసరు ఒలకదు. అప్పట్లో అక్కడ కాంపౌండరుగా ఉండే రత్నబాబు సంచి నిండా పోసి నాగుల్‌మీరాకి ఇచ్చేవాడు. తండ్రి పోయాక సిలారూ అక్కడే తెచ్చుకునేవాడు. కాలేజీలో గ్లాసు మీద నీటి మరక కనబడితే ఊరుకోని మనిషి, ఇంట్లో ఈ సీసాల్ని దోసెడు నీళ్లతో తొలిపి అటకెక్కించేవాడు. అది కాలేజీ, ఇది నాన్న. ఆ రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

ఎదురుపడింది నిరుడు దసరా ముందు. సిలార్ భార్య జమీలాబీ మామగారి వృత్తి వదల్లేదు, పరుపులు కుట్టేది. గుడ్డని కాలి వేళ్లతో తొక్కిపట్టి, దబ్బనంతో కుట్టుకుంటూ పోయేది. ఒకరోజు ఆ దబ్బనం జారి పడితే దాని మీదే కాలు వేసింది. పదేళ్ల నుంచి షుగరు. అరికాలికి స్పర్శ చచ్చిపోయింది. మర్నాడు చెప్పులో నెత్తురు చూసేదాకా తెలియలేదు. రెండు వారాలు తిరక్కుండా చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడ్డాయి. కొడుకు ఐజాజ్ సిమెంటు లారీ డ్రైవరు. డ్యూటీ మానుకుని తల్లిని బెజవాడ తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "రెండు వేళ్లు తీసేస్తే పాదం దక్కుతుందమ్మా. సోమవారం రండి. ఆలస్యం చేస్తే ఎక్కడిదాకా పోతుందో నేను చెప్పలేను."

జమీలాబీ ఇంటికొచ్చి మంచమెక్కి ఏడ్చింది. "వేళ్లు తీసేస్తే గుడ్డ దేంతో పట్టుకోవాలి? మీ నాన్న మందు ఊరందరికీ పనికొచ్చింది, నాకు పనికిరాదా?" అంది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, సిలార్‌కి పెరటి చెట్టంటే ప్రాణం. అలాగని డాక్టరు మాట తీసెయ్యగలిగేంత మూర్ఖుడూ కాదు, ఇరవై రెండేళ్లు లాబులో నిలబడ్డవాడు. అందుకని రెంటికీ మధ్య ఒక దారి వెతుక్కున్నాడు. ఎప్పట్లా ఆదివారం దాకా ఆగకుండా గురువారమే తెల్లవారుజామున వెళ్లి ఆకు కోసి, పసరు పిండి, ఆ సీసాల్లో నింపి, నాలుగు సీసాలు జేబులో వేసుకుని కాలేజీకి వెళ్లాడు. మైక్రోబయాలజీ చెప్పే యశస్విని మేడం ముందు పెట్టాడు. ఆవిడ ఈ ప్రాంతపు ఆకుల మీదే పీహెచ్‌డీ చేస్తోంది.

"మేడం, దీన్నొకసారి ప్లేటు మీద వెయ్యండి. నాన్నగారి మందండి."

"ఏ మొక్క సిలార్ గారూ?"

"పేరు చెప్పకూడదండి."

"పేరు లేకుండా రికార్డులో ఏమని రాయమంటారు?" అని నవ్వింది యశస్విని. నవ్వింది గానీ పెన్ను పట్టుకుని కూచునే ఉంది. తండ్రి చనిపోయే రోజున చెవిలో చెప్పిన పేరు అది. జమీలాబీకి కూడా చెప్పలేదు. సిలార్ అటూ ఇటూ చూసి, ఆవిడ చెవి దగ్గర కాక బల్ల దగ్గరికి వంగి, చిన్నగా చెప్పాడు. ఆవిడ దాన్ని పెద్దక్షరాలతో రాసుకుంది.

రసాయనాల పరీక్షలు ఆ రోజే అయిపోయాయి. పసరు నీళ్లలో కలిపి ఊపితే నురగ నిలబడింది, సాపోనిన్లు ఉన్నాయన్నారు. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే నల్లబడింది, టానిన్లున్నాయన్నారు. సిలార్ ఆ నలుపుని చూసి మురిసిపోయాడు. ఏ చెత్త మొక్క పిండినా ఆ రెండూ కనబడతాయని అతనికి తెలుసు. తెలిసినా ఆ రోజు గుర్తు రాలేదు. మనకి కావాల్సింది ఎదురుగా నిలబడితే తెలిసినదంతా ఎక్కడో దాక్కుంటుంది.

శుక్రవారం పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీశాడు. పళ్లెం బయటికి తీసి వెలుగుకి పెట్టాడు. ఉత్త ద్రావకం పోసిన నడిమి గుంట చుట్టూ పురుగు ఒత్తుగా పెరిగింది. ఒక పక్క వేప, తొమ్మిది. ఇంకో పక్క తన నాన్న పసరు. గుంట చుట్టూ గాజు అద్దంలా ఖాళీ. స్కేలు పెట్టాడు. ఇరవై నాలుగు. మళ్లీ కొలిచాడు. ఇరవై నాలుగే.

యశస్విని కూడా కుర్చీలోంచి లేచింది. "ఇదేంటండీ, ఏకంగా యాంటీబయోటిక్‌తో పోటీపడుతోంది!" అంది. అని, మరుక్షణం సర్దుకుంది. "సిలార్ గారూ, ఇది ప్లేటు మీద. మనిషి కాలు మీద కాదు. మీరు సోమవారం ఆసుపత్రికి వెళ్లండి. దీన్ని ఇంకో మూడుసార్లు వేసి చూస్తే గానీ ఏమీ అనకూడదు."

ఆ మాట అతను విన్నాడు. వినలేదని తర్వాత ఎప్పుడూ బుకాయించలేదు. విని, ఫోనుతో ప్లేటుని ఫోటో తీసుకుని ఇంటికెళ్లాడు. జమీలాబీకి చూపించాడు. కొడుక్కి చూపించాడు. టీ కొట్టు దగ్గర నలుగురికి చూపించాడు.

ఐజాజ్ చాలాసేపు ఆ ఫోటో చూశాడు. "నాన్నా, తాత మందు అని ఊరికే చెబితే నేను వినేవాణ్ణి కాదు. లాబులో తేలిందంటున్నావు. మరి నీకు తెలుసుగా ఇదంతా" అన్నాడు.

"నేను కళ్లారా చూశా, కొలిచా" అన్నాడు సిలార్.

అలా సోమవారం వచ్చింది, వెళ్లింది. ఆసుపత్రికి ఎవరూ వెళ్లలేదు. జమీలాబీ మాత్రం ఒక్కదానికే గునిసింది. "పేరు చెప్పావంట కదయ్యా ఆ మేడానికి? నాకు కూడా చెప్పని పేరు!" అని రెండు రోజులు మూతి ముడిచింది. పసరు మాత్రం పూటపూటా పోయించుకుంది.

కాలేజీలో అసలు కథ వేరే నడిచింది. వ్యాసం రాయాలంటే ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ నిలబడాలి. యశస్విని సిలార్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, తన చేత్తోనే ఆకు కోసుకొచ్చి, నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, మెథనాల్‌లో సారం తీసి, కాలేజీ సీసాలో పోసి వేసింది. సున్నా. పొద్దెక్కి కోసినందుకేమో అన్నాడు సిలార్. పాపం, మరోసారి తెల్లవారకముందే వెళ్లి కోసుకొచ్చింది. పచ్చి పసరే వేసింది. సున్నా. సిలార్ ఇంటి నుంచి తెచ్చిన పసరు వేస్తే ఇరవై మూడు. ఈలోపు నాలుగు వారాలు గడిచాయి. ఇంట్లో జమీలాబీ మూడో వేలు కూడా రంగు మారింది. ప్లేటు మీద పసరు గెలుస్తూనే ఉంది, కాలి మీద ఓడిపోతూనే ఉంది. మందు లోపలికి దిగడానికి టైము పడుతుందిలే అని సిలార్ తనకి తానే చెప్పుకున్నాడు. ఐజాజ్ రోజూ ఫోన్ చేసి అడిగేవాడు, "తగ్గుతోందా నాన్నా?" అని. "తగ్గుతుంది" అనేవాడు.

అయిదో వారం ఒక మధ్యాహ్నం యశస్విని అతని సీసా ఒకటి తీసుకుని వెలుగుకి తిప్పి చూసింది. మెడ దగ్గర, రబ్బరు మూత కింద, సన్నగా తెల్లటి గీత.

"ఈ సీసాలు ఎక్కడివండీ?"

"పశువుల ఆసుపత్రివండి. నాన్న టైము నుంచీ అక్కడే తెస్తాం."

"వీటిని ఆటోక్లేవ్ చేశారా?"

సిలార్ తల దించుకున్నాడు. "నాన్న మందు సీసాకి సబ్బు తగలకూడదండి. వేడి తగలకూడదు. ఒకసారి తొలుపుతామంతే."

యశస్విని ఆ సీసా బల్ల మీద పెట్టేసింది. ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంకా పసరు నింపని సీసా ఒకటి అతన్ని అడిగి తీసుకుంది. అందులో పసరు పొయ్యలేదు, ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి, మూత పెట్టి ఊపి, ఆ నీళ్లు ఒక గుంటలో వేసింది. "రేపు చూద్దాం" అంది. మొహం మటుకు ఇవాళే చూసేసినట్టుంది.

మర్నాడు ప్లేటు సిలారే తీశాడు. నీళ్ల గుంట చుట్టూ ఖాళీ. ఇరవై ఒకటి.

అతనికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పశువులకి వేసే పెన్సిలిన్ సూదిమందు పొడి సీసాల్లోనే వస్తుంది. ఎంత వాడినా అడుగున, మూత సందులో చిటికెడు మిగుల్తుంది. దోసెడు నీళ్లకి అది పోదు. సబ్బుపెట్టి తోమితే పోయేది, ఆటోక్లేవ్‌లో పెడితే పోయేది. ఊళ్లో అందరికంటే బాగా కడగగలిగిన చేతులు అతనివే. ఆ ఒక్క సీసా మాత్రం కడగలేదు.

"నా తప్పు కూడా ఉంది సిలార్ గారూ. మొదటి రోజే సీసా గురించి అడగాల్సింది" అంది యశస్విని. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "జమీలాబీ గారికి ఆపరేషన్ అయిపోయింది కదా?"

సిలార్ తల అడ్డంగా ఊపి, సంచి తీసుకుని, ఐజాజ్‌కి ఫోన్ చేసి, బస్సెక్కాడు.

ఆ సాయంత్రమే ఐజాజ్ తల్లిని కారులో బెజవాడ తీసుకెళ్లాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఇక్కడ ఆకులు పట్టుకున్నందుకే కాలు పోయింది. అదే డాక్టరు కట్టు విప్పి చూసి, అయిదు వారాలు ఏం చేశారని అడిగాడు. వేళ్లు కాదు, పాదం కాదు, మోకాలి కింద నుంచి తీసేశారు. ఐజాజ్ వరండాలో తండ్రి పక్కన కూచున్నాడు గానీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని సిలార్‌కి అనిపించింది.

ఇంటికొచ్చాక సిలార్‌ని ఇంకో సంగతి తినేసింది. నాన్న మాన్పిన పుండ్లన్నీ ఎవరు మాన్పినట్టు? నలభై ఏళ్లు ఆకు మాన్పిందా, సీసా మాన్పిందా, దేవుడి దయవల్ల వాటంతటవే మానాయా? ఆ రోజుల్లో ఏ సీసాలిచ్చాడో అడుగుదామంటే రత్నబాబు పోయి పదేళ్లయింది. నాన్న ఉన్నా ఆయనకీ తెలియదు. కాలు పోవడమే కాదు, వెనక్కి తిరిగి చూసుకుంటే నాన్న కూడా పోయినట్టుంది. అటక మీది సీసాల సంచి దించి మున్సిపాలిటీ బండిలో వేశాడు.

అసలు నిజం జమీలాబీకి చెప్పలేదు. ఆవిడే ఒక కారణం కనిపెట్టుకుంది. "నువ్వు పేరు చెప్పావు. అందుకే మందు చచ్చిపోయింది. మీ నాన్న అయితే చెప్పేవాడా?" అని వచ్చినవాళ్లందరి ముందూ అనేది. సిలార్ "అవును, నేనే చెప్పా" అనేవాడు. ఎలాగూ తప్పు తనదే. కనీసం నాన్న పేరైనా మిగులుతుందనుకున్నాడు. అంత చిన్న అబద్ధం ఎవరికీ చెరుపు చెయ్యదనుకున్నాడు.

మొన్న ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆమె రెండో కాలు కడుగుతున్నాడు. బొటనవేలి పక్కన, గోరు కింద, మినపగింజంత నలుపు కనబడింది. నొక్కాడు. ఆమెకి తెలియలేదు.

"ఐజాజ్‌కి ఫోన్ చేస్తా. ఇవాళే బెజవాడ పోదాం" అన్నాడు.

"నేను రాను."

"రాకపోతే ఎట్లా? ఇంకా చిన్నగానే ఉంది, ఇప్పుడైతే..."

"అప్పుడూ చిన్నగానే ఉంది. వెళ్తే ఏం చేశారు, కోసి పంపారు. నేను రానయ్యా." జమీలాబీ గొంతు తగ్గించింది. "నువ్వు పోయి ఆకు తీసుకురా. ఈసారి ఎవరికీ చెప్పకు. చెప్పకుండా ఉంటే మళ్లీ బలం వస్తుందంట. ఈ కాలికైనా పని చేస్తుంది."

సిలార్ అప్పుడు చెప్పాడు. దాచుకోకుండా మొత్తం చెప్పాడు. సీసా అడుగున మిగిలిన పొడి, కడగని మూత, నీళ్లు పోసినా వచ్చిన ఇరవై ఒకటి. ఆకులో ఏమీ లేదని, ఎప్పుడూ ఏమీ లేదేమోనని, చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

జమీలాబీ ఓపిగ్గా విన్నది. జాలిపడి అతని తల నిమిరింది.

"ఖాళీ సీసాలో ఏముంటుందయ్యా, పిచ్చి కాకపోతే. అప్పుడూ ప్లేటు చూశా, కళ్లారా చూశా అన్నావు, నమ్మాను. ఇప్పుడూ ప్లేటే చూశానంటున్నావు. ఇంకెన్నిసార్లు నమ్మాలి?"

అని, ఉన్న ఒక్క కాలూ అతని ఒళ్లోకి చాపింది. "రేపు పొద్దు పొడవకముందే పోయి రా. పేరు మాత్రం నాకు కూడా చెప్పకు" అంది.

సిలార్ ఆ పాదం రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు. ఆమె నమ్మేలా చెప్పగలిగిన మాట ఒక్కటీ అతని దగ్గర మిగల్లేదు.